నాయనమ్మ పాట మేజరా, మైనరా?

పియానో క్లాసుకు పోయే పిల్లలు బతుకమ్మ రోజుల్లో నల్లగొండ నుంచో పాలమూరు నుంచో నాయనమ్మ పంపిన పాట వింటారు, కీబోర్డు మీద వరస పట్టుకుంటారు. కార్డు (పాట కింద కలిపి నొక్కే స్వరాల గుంపు) మాత్రం కుదరదు. "మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే బాధ" అని క్లాసులో విన్న మాటతో వెతకడమే తప్పు. చప్పట్లు కొడుతూ పాడే వరస మైనర్‌లో ఉండొచ్చు, కన్నీళ్లు తెప్పించేది మేజర్‌లో ఉండొచ్చు.

ముందు సా ఎక్కడుందో చూడాలి. పియానోలో 'సి' మీట చోటు మారదు, మన సా మాత్రం పాడేవాళ్ల గొంతును బట్టి మారుతుంది. పాట ఎక్కడికి వచ్చి కుదుటపడుతుందో ఆ స్వరాన్ని పిల్లలతో కూనిరాగం తీయించి, ఆ మీట కనుక్కోమనండి. అక్కడి నుంచి తెల్లవీ నల్లవీ వదలకుండా పైకి లెక్కపెట్టాలి. నాలుగో మీట పాటలో పలికితే అంతర గాంధారం (పై 'గ'), మేజర్ వైపు. మూడోది పలికితే సాధారణ గాంధారం (కింది 'గ'), మైనర్ వైపు. సా మీటనే ఒకటి అని మొదలుపెడితే లెక్క తప్పుతుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

గాంధారం ఒక్కటే చాలదు. సంగీతం క్లాసులో సరళీ వరసలు నేర్చుకునే మాయామాళవగౌళలోనూ అంతర గాంధారమే ఉంది. కానీ రి, ద కిందివి కాబట్టి అది మేజర్ స్కేలు కాదు. మేజర్ స్కేలుకు సరిపోయేది 29వ మేళం (ఏడు స్వరాల మూల రాగం) శంకరాభరణం: మీటల దూరాలు 2-2-1-2-2-2-1. నేచురల్ మైనర్ 20వ మేళం నఠభైరవి. అందులో నిషాదం ('ని') ఒక్కటి ఒక మీట పెంచితే హార్మోనిక్ మైనర్, అంటే 21వ మేళం కీరవాణి. రెండు క్లాసుల మధ్య నలిగే పిల్లలకు ఈ మూడు జతలు చాలా మేలు చేస్తాయి.

సి (C) మేజర్, ఏ (A) మైనర్ రెండూ అవే తెల్లమీటలు కదా, తేడా ఏంటి అని అడిగితే గ్రహభేదం, అంటే అవే స్వరాల్లో సా చోటు మార్చడం, చూపండి. శంకరాభరణంలో ధైవతాన్ని ('ద') సా అనుకుని పాడితే నఠభైరవి వినిపిస్తుంది. నొటేషన్ మొదట్లో ఒక్క షార్ప్ గుర్తు (#) ఉంటే అది జి (G) మేజరో ఈ (E) మైనరో తేల్చడానికి చివరి బేస్ స్వరం, అంటే అన్నిటికంటే కింద వినిపించే స్వరం, చూడాలి. మధ్యలో డి-షార్ప్ మాటిమాటికీ తగిలితే ఈ (E) మైనర్ కావడానికే అవకాశం ఎక్కువ.

అసలు గాంధారమే లేని వరసలుంటాయి. స రి మ ప ని మీద నడిచే మధ్యమావతి అట్లాంటిదే. నాలుగైదు స్వరాల్లోనే తిరిగే జానపద వరసల్లోనూ ఈ చిక్కు వస్తుంది. వాటికి మేజర్ కార్డు పెట్టినా మైనర్ కార్డు పెట్టినా పాటలో లేని గాంధారాన్ని మనమే ఇరికించినట్టు. సా, పా రెండే నొక్కి పట్టుకుంటే పాట చెడదు.

నాయనమ్మ 5 శ్రుతిలో పాడితే ఆ సా 'జి' అవుతుంది. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 5కు పెడితే పిల్లలు తమకు అలవాటైన సి వేళ్లతోనే వాయించొచ్చు. వీడియో కాల్‌లో కలిసి పాడి వాయించాలని చూడకండి, శబ్దం ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. ముందుగా పాట రికార్డు చేసి పంపమనండి, దానిమీద వాయించి తిరిగి నాయనమ్మకు పంపించండి.