టేకు బల్ల కోసం నిర్మల్ దాకా

మా నాన్న చదువుకున్న టేకు బల్లకి నాలుగు పూతల పాలిష్ వేశాను. ఎదురుగా చూస్తే మెరుస్తుంది, కిటికీ వైపు నుంచి ఏటవాలుగా చూస్తే మాత్రం సూదితో గీసినట్టు వందల కొద్దీ సన్నటి గుంటలు. హనుమకొండలో వేయి స్తంభాల గుడి నందిని నిమురుతూ పెరిగినవాణ్ణి. నల్లరాయినే అంత నున్నగా చేసిన ఊళ్ళో ఉంటూ ఒక బల్ల పైభాగం నాకు కుదరకపోవడం చాలా బాధగా అనిపించింది. చెక్క బొమ్మలకి ఆ నునుపు ఎలా వస్తుందో కళ్ళతో చూద్దామని ఫిబ్రవరిలో ఒక శనివారం నిర్మల్ బయలుదేరాను.

కరీంనగర్‌లో బస్సు మారి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్. దారంతా ఉడకబెట్టి ఆరబోసిన పసుపు, కిటికీ తీస్తే అదే వాసన. ఆర్మూర్‌లో సిద్ధులగుట్ట బండలు చూస్తూ ఇంకో బస్సెక్కాను. సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వచ్చినట్టే.

బొమ్మలు చేసే ఒక పెద్దమ్మ గడపలోనే కూర్చోబెట్టి పొనికి చెక్క ముక్క నా చేతిలో పెట్టింది. బెండులా తేలిక. విడివిడిగా చెక్కిన భాగాలని చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, అతుకులు కనపడకుండా అదే ముద్ద మెత్తి, ఆరాక అరగదీసి, పైన తెల్లమట్టి పూసి, మళ్ళీ అరగదీసి, అప్పుడు గానీ రంగు జోలికి పోరు. నేను ఒక బొమ్మ వీపు మీద వేలు రాస్తుంటే ఆపి, "వేలితోని తెల్వది బిడ్డా, గోరుతోని చూడు" అంది. గోరు ఎక్కడా తగల్లేదు. అప్పటికే నాకు విషయం సగం అర్థమైంది: నేను గుంటలు పూడ్చకుండా వాటికి మెరుపు పూశాను.

టేకు సంగతి మాత్రం వేరే అని, ఫర్నిచర్ పాలిష్ చేసే మేస్త్రి దగ్గరికి ఆమే పంపించింది. ఆయన మొదటి మాటే "ఫిల్లింగ్ చేసిన్రా సార్?"

చేయలేదు. టేకు చెట్టు ఏటా పెరగడం మొదలైనప్పుడు వేసే నీటి గొట్టాలు పెద్దవి, తర్వాత వేసేవి చిన్నవి. చెక్క కోస్తే ఆ పెద్ద గొట్టాలు నిలువునా చీలి కాలువల్లా తెరుచుకుని ఉంటాయి. పాలిష్ వాటిలోకి దిగుతుంది, ఆరుతూ కుంగుతుంది, మళ్ళీ అదే గుంట.

మేస్త్రి చెప్పిన పద్ధతి ఇది. పాత పాలిష్ మొత్తం తీసేసి 120, 180, 220 నంబర్ సాండ్ పేపర్లతో వరసగా, చెక్క గీతల వెంబడే రుద్దాలి. గుంటల్లో దుమ్ము బ్రష్‌తో పూర్తిగా తీయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ఒకసారి థిన్నర్ గుడ్డతో తుడవాలి. లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి పలచగా ఒక పూత వేస్తే, తర్వాత గుంటలు పూడ్చడానికి పట్టించే ఫిల్లర్ రంగు చెక్కంతా మరకలుగా పడదు. తర్వాత చాక్ పౌడర్‌లో లిన్సీడ్ ఆయిల్, కాస్త టర్పెంటైన్, చెక్క కంటే కొంచెం ముదురుగా రంగు పొడి కలిపి చేసిన ఆ ఫిల్లర్‌ని గోనె గుడ్డతో గీతలకి అడ్డంగా గట్టిగా రుద్దాలి. రంగు కలపకపోతే పాలిష్ కింద తెల్ల చుక్కలు కనిపిస్తాయట, పాడైన ఒక తలుపు చూపించాడు కూడా. పైన మెరుపు తగ్గి మసకబారగానే మిగిలింది తుడిచేయాలి, అది కూడా అడ్డంగానే. గీతల వెంబడి తుడిస్తే పూడ్చింది పూడ్చినట్టే బయటికి వచ్చేస్తుంది. ఈ అడ్డం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఇంత దూరం వచ్చింది దీనికోసమే అనిపించింది.

ఆ రాత్రే తిరిగొచ్చాను. ఆదివారమంతా పాత పాలిష్ తీయడానికే సరిపోయింది. ఫిల్లర్ పట్టించి మూడు రోజులు ముట్టుకోలేదు, 320తో మెల్లగా రుద్ది మళ్ళీ ఒకసారి పట్టించాను, ఎందుకంటే మొదటిసారి పట్టించింది ఆరాక కొంచెం దిగింది. నిన్న సాయంత్రం కిటికీ వెలుతురులో బల్లకి అడ్డంగా గోరు గీశాను. ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోయింది, నాన్న మోచేయి ఆనించే మూల దగ్గర మాత్రం ఒక్కచోట ఆగింది. అక్కడ ఇంకోసారి పూడ్చాలి.