గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు

మూత పగిలి వచ్చిన మిక్సీ జారును వెనక్కి తీసుకుపోవడానికి నిన్న మిట్టమధ్యాహ్నం, ఒంగోలు ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, మూడంతస్తులు ఎక్కి వచ్చిన కుర్రవాడు మజ్జిగ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలోని ఫోను నుంచి చూపు తిప్పలేకపోయాడు. "ఇంకా ముప్పై పార్సిళ్ళు ఉండాయక్కా" అన్నాడు. బండి తనదే, పెట్రోలూ తనదే. హుకుం మాత్రం యాప్‌ది.

ఇతని సంస్థ వేరే గానీ, న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో అమెజాన్ గిడ్డంగి కార్మికులు 2022 మార్చిలో ఓటేసి తమ సంఘాన్ని గెలిపించుకున్నారు. వాళ్ళది ఒకే కప్పు కింద పని. ఈ కుర్రవాడు తోటివాళ్ళను కలిసేది, బహుశా, ట్రంకు రోడ్డు సిగ్నలు దగ్గర మాత్రమే.

నా సంగతీ గొప్పగా లేదు. ఆ జారు యాప్‌లో కొనేటప్పుడు నేను అడగని 49 రూపాయల రక్షణ పథకానికి ముందే టిక్కు పెట్టి ఉంటే, చూసుకోకుండా కట్టేశాను. ఇలా బుట్టలోకి గుట్టుగా సరుకు చేర్చడాన్ని కేంద్రం 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది. వీధి చివరి పాత్రల కొట్లో అయితే మూత తిప్పి చూసి, పది రూపాయలు బేరమాడి మరీ తెచ్చుకునేదాన్ని; నిరుడు ఆ కొట్టు మూసేశారు.