మీ పాస్ మీద మీ తమ్ముడు ఎక్కొచ్చా?

"నెలకి డబ్బు కట్టేశాను, నేను సెలవు పెట్టిన వారం రోజులూ మా తమ్ముడు వెళ్తే పోయేదేముంది?" విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగే ఇళ్లలో ఈ మాట వింటూనే ఉంటాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పాస్ మీద ఉన్న పేరుకీ, ఫొటోకీ తప్ప ఇంకెవరికీ అది చెల్లదు. ఒక్కరే వాడతారన్న లెక్క మీదే అంత తగ్గించి ఇస్తారు.

రైలు సీజన్ టికెట్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రిజర్వేషన్ టికెట్‌ని 24 గంటల ముందు అడిగితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల పేరు మీదికి మార్పించుకోవచ్చు. ఎమ్మెస్టీకి, అంటే నెలవారీ సీజన్ టికెట్‌కి, ఆ వీలు లేదు, ఇంట్లోవాళ్లకైనా సరే. 1989 రైల్వే చట్టం 142వ సెక్షన్ ప్రకారం సీజన్ టికెట్ వేరేవాళ్లకి ఇచ్చినవాళ్లకి మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇచ్చినవాళ్లకి! పాస్ వాడుకోమని ఇచ్చినవాళ్లకి ఈ సంగతి చాలాసార్లు తెలియదు. ఎక్కినవాళ్లని టికెట్ లేనివాళ్ల కిందే లెక్కేస్తారు, సీజన్ టికెట్ పోతుంది.

ఆ లెక్క ఎలాగంటే, ఛార్జీ కట్టాలి, దానిమీద అంతే మొత్తం గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మంగళగిరిలో ఎక్కానని చెప్పినా టీసీకి అనుమానం తీరకపోతే, రైలు మొదట బయల్దేరిన స్టేషన్ నుంచి ఛార్జీ వేసే అధికారం ఉంది. విశాఖ నుంచి వస్తున్న బండి అయితే ఎంతవుతుందో చూసుకోండి.

ఫోన్లో తీసుకున్న సీజన్ టికెట్‌ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపినా చెల్లదు. యాప్‌లోనే తెరిచి చూపించాలి, పక్కన అసలు గుర్తింపు కార్డు ఉండాలి. ఫోనే ఇచ్చి పంపినా కార్డు దగ్గర దొరికిపోతారు.

బస్సుల్లోనూ అంతే. మోటారు వాహనాల చట్టం 124వ సెక్షన్‌లో 'పాస్' అంటే నెలవారీ పాసూ వస్తుంది. సరైన పాస్ లేకపోతే 178వ సెక్షన్ కింద 500 రూపాయల దాకా జరిమానా. స్టూడెంట్ పాస్ విషయంలో ఇంకో చిక్కు, అది ఇంటికీ కాలేజీకీ మధ్య రూటుకే. ఒకే కాలేజీ, ఒకే రూటు అయినా స్నేహితుడి కార్డు స్నేహితుడిదే. మీ సొంత కార్డు మీద ఫొటో వెలిసిపోయి ఉంటే మాత్రం ముందే మార్పించుకోండి.

2025 ఆగస్టు 15న మహిళల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ మహిళలకి పాసే అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ (డబ్బు కట్టక్కర్లేని టికెట్) తీసుకుంటే చాలు. హైదరాబాద్ నుంచి వచ్చిన చెల్లెలికి మీ ఆధార్ ఇచ్చి ఎక్కించడం మాత్రం పైన చెప్పిన బాపతే. ఆమెకి టికెట్ కొనండి.

సెలవులు వస్తున్నాయని ముందే తెలిస్తే, పాత సీజన్ టికెట్ అయిపోయాక వెంటనే రెన్యువల్ చేయించకండి. తిరిగి వెళ్లే తేదీ నుంచి మొదలయ్యేలా కొత్తది తీసుకుంటే ఒక్కరోజు కూడా వృథా పోదు.