బియ్యం బస్తా పట్టే కారు

మా పాత కారు 2013లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. 2024 మే నెలలో మధిర దగ్గరున్న మా ఊరికి వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఏసీ ఆగిపోయింది. అద్దాలు దించుకుని, నెత్తికి తడి తువ్వాళ్లు చుట్టుకుని ఎలాగో ఖమ్మం చేరాం. అక్కడ టీ తాగుతూ నాన్న ఒక్క మాటే అన్నాడు, "దీనికి చేసినంత సేవ నాక్కూడా చెయ్యలేదురా నువ్వు, ఇంక వదిలెయ్."

సరే కొందాం అనుకున్నాక పెద్ద కష్టమేం కాదనుకున్నా. ఆన్‌రోడ్ 18 లక్షలు దాటకూడదు, ఆటోమేటిక్ అయి ఉండాలి (మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ గంటసేపు క్లచ్ తొక్కి నా ఎడమ మోకాలు కూడా నాన్న మోకాళ్ల దారి పడుతోంది), వెనక ముగ్గురు సరిగ్గా కూర్చోవాలి. అంతే. తీరా చూస్తే క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా, హైరైడర్, ఎలివేట్, కుషాక్, టైగున్, ఆస్టర్, ఇలా ఒక్కో రోజు ఒక్కో పేరు జాబితాలో చేరింది. పైగా అన్నీ ఒకేలా ఉన్నాయి. కొలతలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించా. అప్పట్లో కుషాక్ పొడవు 4,225 మిల్లీమీటర్లు, ఎలివేట్ 4,312, క్రెటా 4,330, గ్రాండ్ విటారా 4,345, సెల్టోస్ 4,365. అన్నిట్లోకి పొడుగుదానికీ పొట్టిదానికీ తేడా జానెడు కూడా లేదు, దీనికోసం నేను రెండు ఆదివారాలు పాడుచేసుకున్నా.

ఆ తర్వాత తెలిసిన సంగతేంటంటే పేర్లు ఎనిమిదైనా నిజానికి బండ్లు అన్ని లేవు. గ్రాండ్ విటారా, హైరైడర్ రెండూ కర్ణాటకలో బిడదిలోని ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, లోపల సరుకు ఒకటే, ముఖం వేరు. కుషాక్, టైగున్ అన్నదమ్ములే, రెండూ పుణె దగ్గర చాకన్ నుంచి వస్తాయి. క్రెటాకీ సెల్టోస్‌కీ అవే ఇంజిన్లు. అంటే నేను ఎంచుకోవాల్సింది ఎనిమిదిలో కాదు, నాలుగైదులో. ఇది ముందే తెలిసుంటే సగం టెన్షన్ తగ్గేది.

మా అక్కావాళ్లు ఉండేది హిందూపురం. బావకి నేను కారు కొంటున్నానని తెలిసినప్పటి నుంచి రోజూ ఫోనే. "మన పెనుకొండలో తయారయ్యే సెల్టోస్ పెట్టుకుని ఇంకేదో చూస్తానంటావేంటయ్యా?" అని. నిజమే, 2019లో అక్కడి కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి కారే సెల్టోస్. కానీ బావ చెప్పేది డీజిల్ బండి. ఆయన నెలకి మూడుసార్లు బెంగళూరు వెళ్లొస్తాడు, ఆయనకి డీజిల్ కుదురుతుంది. నాది రోజుకి 28 కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో నత్తనడక. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కేలా పరిగెత్తాలి. సిటీలోనే తిప్పితే మూసుకుపోయి వర్క్‌షాప్ చుట్టూ తిప్పిస్తుంది. అందుకని డీజిల్ అక్కడితో ఆపేశా, బావ రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

హైబ్రిడ్ దగ్గర మాత్రం చాలా రోజులు ఊగిసలాడా. కంపెనీ లెక్క ప్రకారం గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీ మోటారు కూడా బండిని నడిపేది) లీటరుకి 27.97 కిలోమీటర్లు. ఆ అంకె చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. రోడ్డు మీద 20 వస్తుందనుకుందాం, మామూలు పెట్రోల్ ఆటోమేటిక్‌కి 12 అనుకుందాం. నేను ఏడాదికి తిరిగేది 9,000 కిలోమీటర్లు, అంటే ఒకదానికి 450 లీటర్లు, ఇంకోదానికి 750. తేడా 300 లీటర్లు, అప్పటికి హైదరాబాద్‌లో పెట్రోల్ 107 రూపాయల చిల్లర, ఏడాదికి మిగిలేది 32 వేలు. నాకిచ్చిన కొటేషన్లలో ధర తేడా 3 లక్షల పైనే ఉంది. పెట్టింది తిరిగి రావడానికే పదేళ్లు! ఏడాదికి 25 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని హైబ్రిడ్ తీసుకోవచ్చు, నాకు లెక్క కుదరలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఆ జూలైలోనే స్ట్రాంగ్ హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారు, అదేదో మన దగ్గర కూడా చేసుంటే నా ఎక్సెల్ ఇంకోలా ఉండేదేమో.

లెక్క అలా ఉన్నా మనసు మాత్రం లాగుతూనే ఉంది. దాన్ని తేల్చింది బియ్యం బస్తా.

ఊరి నుంచి వచ్చేటప్పుడు మా డిక్కీలో ఏముంటుందో నాకు బాగా తెలుసు. పాతిక కిలోల బస్తాలు రెండు, నాన్న మడత వాకర్, రెండు సూట్‌కేసులు, అమ్మ చివరి నిమిషంలో తెచ్చే పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు. షోరూములో డిక్కీ తెరిచి చూపించి "చాలా స్పేస్ సార్" అంటారు, ఖాళీ డిక్కీ ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. అందుకని ఒక శనివారం ఇంట్లో ఉన్న రెండు బస్తాలు, వాకర్, పెద్ద సూట్‌కేసు పాత కారులో వేసుకుని షోరూములకి బయల్దేరా. మా ఆవిడ కారు దిగనంది, పరువు పోతుందని. మొదటి షోరూములో కుర్రాడు "సార్, ఇది నిజంగా బియ్యమేనా?" అని అడిగి, తర్వాత తనే నవ్వుతూ ఒక చెయ్యి వేశాడు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ కింద ఉంటుంది, దాంతో నేల ఎత్తు పెరిగింది, బస్తాలు పెట్టాక సూట్‌కేసుకి చోటు లేదు. ఎలివేట్ డిక్కీ 458 లీటర్లు, అన్నీ పట్టాక జాడీలకి కూడా మూల మిగిలింది. అంకెలు ముందే చదివాను గానీ బస్తా పెట్టి చూసేదాకా అవి నాకు ఎక్కలేదు.

నాన్నని కూడా తీసుకెళ్లి ప్రతి బండిలో ఎక్కించి దింపా. షోరూముల్లో ఈ పని ఎవరూ చేసినట్టు లేదు, అందరూ తెర ఎంత పెద్దదుందో చూస్తున్నారు. ఒక బండిలో సీటు కిందికుండి, దిగేటప్పుడు ఆయన పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. ఇంకోదానిలో గడప ఎత్తు, కాలు తగిలింది. టెస్ట్ డ్రైవ్ అంటే ఖాళీ సర్వీస్ రోడ్డు మీద మూడు కిలోమీటర్లు తిప్పి తెస్తారు, నేను ఒప్పుకోలేదు. ఐదుగురం ఎక్కి, ఏసీ పూర్తిగా పెట్టి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దించి మళ్లీ ఎక్కించాలని అడిగా. ఇద్దరు కుదరదన్నారు, ముగ్గురు సరేనన్నారు. మా సెల్లార్ ర్యాంపు నిలువుగా ఉంటుంది, పైన మలుపులో ఆగి మళ్లీ కదలాలి. టర్బో ఇంజిన్‌కి డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్) ఉన్న బండి హైవే మీద గాల్లో తేలినట్టుంటుంది, 160 హార్స్‌పవర్ మరి, కానీ అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో, చల్లబరిచే నూనె లేని ఆ డ్రై క్లచ్ వేడెక్కుతుందన్న భయం నాకు పోలేదు. నా డ్రైవింగ్‌లో తొంభై శాతం ఆ అంగుళాలే.

మా ఆవిడ అడిగిన ప్రశ్నకి మాత్రం నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు. కుషాక్, టైగున్‌లకి 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు వచ్చాయి. నేను మొగ్గుతున్న ఎలివేట్‌కి అప్పటికి మన దేశంలో రేటింగే లేదు. "స్టార్లున్న బండి వదిలేసి బియ్యం పట్టే బండి కొంటావా?" అంది. కుషాక్ వెనక సీట్లో ఆవిడ, అమ్మ, పాప కూర్చుని చూస్తే భుజాలు భుజాలు రాసుకున్నాయి, మధ్యలో అమ్మ ఐదు గంటలు అలా కూర్చోలేదు. చివరికి ఆరు ఎయిర్‌బ్యాగులున్న ఎలివేట్ సీవీటీకే (మెట్లు మెట్లుగా గేర్లు మారకుండా బెల్టు మీద నడిచే ఆటోమేటిక్) ఇంట్లో అందరం ఒప్పుకున్నాం, ఆవిడ సగం మనసుతోనే.

బండి ఖాయమయ్యాక అసలు తలనొప్పి కొటేషన్. 14 లక్షల బండికి లైఫ్ ట్యాక్స్ అప్పట్లో 17 శాతం, అంటే 2 లక్షల 38 వేలు, దాని గురించి ఎవరితో ఏడ్చినా లాభం లేదు. పాత కారు మన పేరు మీదే ఉంటే రెండో బండి కింద ఇంకో 2 శాతం, అందుకే పాతదాని ఆర్సీ కొన్నవాళ్ల పేరుకి మారేదాకా బుకింగ్ ఆపా, దానికే మూడు వారాలు పట్టింది. ఆదాయపన్ను కింద షోరూములో ముందే పట్టుకునే ఒక శాతం టీసీఎస్ ఐటీ రిటర్న్‌లో వెనక్కి వచ్చేదే గనక పట్టించుకోలేదు. కొట్లాడింది ఇన్సూరెన్స్ మీద. ఒక షోరూములో 74 వేలు వేశారు, అదే కవర్, అదే జీరో డిప్రిసియేషన్ (పార్టుల తరుగు కొయ్యకుండా క్లెయిమ్ ఇచ్చేది) బయట 51 వేలు చూపించేసరికి "మేనేజర్‌తో మాట్లాడి వస్తా సార్" అని వెళ్లి 53 వేలకి దిగారు. హ్యాండ్లింగ్ చార్జీలని కొటేషన్‌లో ఇంకో లైన్ ఉంది, అదేంటని అడిగితే చాలు పోయింది. అడగనివాళ్లు కడుతున్నారన్నమాట.

నాకు మొదట కేటాయించిన బండి మీద తయారీ నెల ఫిబ్రవరి అని ఉంది, అంటే ఏడు నెలలు ఎండలో, వానలో యార్డులో నిలబడ్డది. వద్దన్నా. "సార్, దసరాకి ఇంకోటి రాదు" అన్నారు, పర్లేదు దీపావళికి తీసుకుంటానన్నా, నాలుగు రోజుల్లో ఆగస్టు బండి దొరికింది! దసరా ముందు రోజు డెలివరీ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మియాపూర్ తెచ్చుకున్నాం.

ఏడాది దాటింది. సిటీలో లీటరుకి 11, హైవే మీద 16 వస్తోంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు ముందు, వేగం తర్వాత, సీవీటీ గుణమే అంత. ఎండాకాలంలో గాలి వచ్చే సీట్లు లేవే అని ఒకటికి పదిసార్లు అనుకున్నా. నాన్న మాత్రం ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగుతున్నాడు.

2025 సెప్టెంబర్ 22న కొత్త జీఎస్టీ వచ్చి ఇలాంటి బండ్ల మీద పన్ను 45 నుంచి 40 శాతానికి దిగగానే బావ ఫోన్ చేశాడు. "ఏడాది ఆగుంటే ఎంత మిగిలేదో లెక్కేశావా?" అని. వేశాను. ఆ ఎక్సెల్ ఆయనకి పంపలేదు.