రాత్రి షిఫ్టులో హీలియం

కొండపి వైపు మా ఊళ్ళో వర్జీనియా అంటే పొగాకే. నేనిప్పుడు ఉద్యోగం చేసేది ఆ పేరున్న రాష్ట్రంలోనే, న్యూపోర్ట్ న్యూస్‌లోని జెఫర్సన్ ల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలో. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ పొగాకు సాగు మొదలుపెట్టిన జేమ్స్‌టౌన్ ఇక్కడికి దగ్గరే. నా పని మాత్రం న్యూట్రాన్ స్పిన్‌తో, అంటే బొంగరం తిరుగుతున్నట్టు ఆ కణానికి పుట్టుకతోనే ఉండే గుణంతో.

ఇక్కడ రాత్రి షిఫ్టుకు బయల్దేరేసరికి ఊళ్ళో పొద్దెక్కి ఉంటుంది. అమ్మతో మాట్లాడేది అప్పుడే. "ఏందబ్బయా, ఆ తిరిగేదాన్నే ఇంకా కొలస్తా ఉండారా? ఒకసారి కొలిస్తే చాలదా?" అంది మొన్న. చాలదు. ఎందుకు చాలదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ప్రోటాన్‌కైనా న్యూట్రాన్‌కైనా స్పిన్ 1/2. లోపలున్న క్వార్కులనే మూడు చిన్న కణాల స్పిన్లు కలిపితే అది వచ్చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1988లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ఈఎంసీ అనే బృందం ప్రోటాన్ మీద కొలిచిన ఫలితం ప్రకటిస్తే, క్వార్కుల స్పిన్ వాటా సున్నాకు దగ్గరగా తేలింది. అందరూ ఉలిక్కిపడ్డారు, "స్పిన్ సంక్షోభం" అనే పేరు పడింది. తర్వాత అమెరికాలోని స్లాక్ ల్యాబ్‌లో, హాంబర్గ్‌లోని హెర్మెస్ ప్రయోగంలో, మళ్ళీ సెర్న్‌లోనే కంపాస్ ప్రయోగంలో పట్టుబట్టి కొలిస్తే ఆ వాటా మూడో వంతు దాకా వచ్చింది. క్వార్కులను కలిపి ఉంచే గ్లూవాన్లకూ వాటా ఉందని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్ ప్రయోగాలు చూపాయి. మిగతాది ఇవన్నీ లోపల చేసే కదలికల నుంచి రావాలి. ఆ లెక్క ఇంకా తెగలేదు. మొదటి కొలతతోనే ఆగి ఉంటే ఇదంతా తెలిసేదే కాదు.

న్యూట్రాన్‌తో ఇంకో చిక్కుంది. విడిగా ఉంటే సగటున పావుగంటలో క్షీణించిపోతుంది. దాన్ని తెచ్చి మేం కొలతకు వాడే ఎలక్ట్రాన్ల ధార, అంటే బీమ్ ముందు పెట్టే దారి లేదు. అందుకే హీలియం-3 వాడతాం. దాని కేంద్రకంలో రెండు ప్రోటాన్లు, ఒక న్యూట్రాన్ ఉంటాయి. ఆ రెండు ప్రోటాన్ల స్పిన్లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది ముఖ్యంగా న్యూట్రాన్‌దే. ఆ గ్యాస్‌ను గాజు సెల్‌లో గట్టి ఒత్తిడితో నింపి, కాస్త రుబీడియం, పొటాషియం వేస్తారు. 200 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో ఆ లోహాలు ఆవిరవుతాయి. 795 నానోమీటర్ల లేజర్ రుబీడియం ఎలక్ట్రాన్ల స్పిన్‌ను ఒక దిక్కుకు మళ్ళిస్తుంది. రుబీడియం నుంచి పొటాషియంకు, అక్కడి నుంచి హీలియం కేంద్రకానికి ఆ స్పిన్ అందుతుంది. గంటల తరబడి ఆగాల్సిందే. కేంద్రకాల స్పిన్ ఎంత మళ్ళిందో చూపే ఎన్ఎంఆర్ సిగ్నల్ స్క్రీన్ మీద కొద్దికొద్దిగా లేస్తుంటే చూపు తిప్పుకోబుద్ధి కాదు.

నాయన ఆకును వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా కూర్చుని, అద్దంలోంచి థర్మామీటర్ చూసుకుంటూ కట్టెలు ఎగదోసేవాడు. వేడి ఎక్కువైనా తక్కువైనా ఆకు రంగు చెడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అలా కాచుకుని కూర్చోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సెల్ సిద్ధమయ్యాక దాని మీదికి బీమ్ వదులుతాం. బీమ్‌లో ఎలక్ట్రాన్ల స్పిన్ అటూ ఇటూ మారుస్తూ, అటున్నప్పుడు ఎన్ని, ఇటున్నప్పుడు ఎన్ని ఎలక్ట్రాన్లు చెదిరి వచ్చాయో లెక్కపెడతాం. తేడా చాలా చిన్నది. సెల్‌లో కేంద్రకాలు ఏ మేరకు ఒకే దిక్కున ఉన్నాయో సరిగా కొలవకపోతే, ఎంత డేటా పోగేసినా జవాబు తప్పుతుంది. గ్రాఫులో ఆఖరున కనిపించే చుక్కను చూసి మెచ్చుకునేవాళ్ళు సెల్ ఊదిన గాజు పనివాళ్ళను, లేజర్లు సరిచేసిన విద్యార్థులను కూడా తలుచుకోవాలని నా కోరిక. వాళ్ళలో ఎక్కువమంది నాలాగా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే.

బ్రూక్‌హేవెన్‌లో ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ రాబోతోంది, ఎలక్ట్రాన్లను కేంద్రకాలతో ఢీకొట్టించే యంత్రం అది. అందులో స్పిన్ ఒకే దిక్కుకు మళ్ళించిన హీలియం-3నే బీమ్‌గా పరిగెత్తించాలని ప్లాన్. వీసా టెన్షన్ నాకూ ఉంది, అయినా ఆ పనికి దరఖాస్తు పెడతాను.