హోలీకి మోదుగ, ఉగాదికి ఇప్ప: ఆదిలాబాద్ అడవిలో వసంతం

వసంతమంటే ఉగాది అనుకుని ఆదిలాబాద్ వెళ్తే మోదుగలు చాలావరకు పూలు రాల్చేసి, చప్పిడి కాయలతో కనిపిస్తాయి. ఇక్కడి అడవిలో బూరుగు ముందు పూస్తుంది, దాని వెనకే మోదుగ, ఆ తర్వాత ఇప్ప. హోలీ ఫాల్గుణ పున్నమికి, ఉగాది ఆ తర్వాత సరిగ్గా పక్షానికి. మోదుగ ఎరుపు తగ్గకముందే ఇప్ప రాలడం మొదలయ్యేది ఈ పదిహేను రోజుల్లోని మొదటి వారంలో. అందుకని మేం హోలీ మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకు హైదరాబాద్‌లో కారు తీశాం.

44వ నంబరు జాతీయ రహదారి మీద సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. అక్కడి నుంచి కొత్త హైవే వదిలి, పాత మహబూబ్ ఘాట్ రోడ్డు ఎక్కాలి. కాస్త ఆలస్యమైనా అదే మేలు. ఘాట్‌లో టేకు ఆకు మొత్తం రాల్చి ఎండుకట్టెల్లా నిలబడి ఉంటుంది. ఆ బూడిదరంగు మధ్య మోదుగ మంట పెట్టినట్టు కనిపిస్తుంది. ఎండ ముదిరేలోగా నేలలో తేమ తగ్గిపోతుంది కాబట్టి ఈ చెట్లు ఆకు రాల్చుకుని నీళ్లు మిగుల్చుకుంటాయి. ఆకు అడ్డం లేకపోవడంతో పువ్వు పిట్టలకు దూరం నుంచే తెలుస్తుంది.

నేరడిగొండ నుంచి 12 కిలోమీటర్ల దూరంలో కుంటాల ఉంది. 45 మీటర్ల జలపాతమే అయినా ఈ కాలానికి ధార సన్నబడుతుంది. దాని కోసమే అయితే వానాకాలం రావాలి. ఎప్పుడొచ్చినా కింది గుండంలోకి మాత్రం దిగొద్దు.

మోదుగను చెట్టు కింద నిలబడి చూడటం వేరు, ఒక్క పువ్వును చేతిలో పెట్టుకుని చూడటం వేరు. తొడిమ దగ్గర నల్లటి మఖమల్ లాంటి గిన్నె ఉంటుంది. అందులోంచి అయిదు రేకులు వస్తాయి. వెనక ఒకటి తలపాగాలా విచ్చుకుంటుంది, పక్కన రెండు రెక్కలు, మిగిలిన రెండూ అతుక్కుని చిలుక ముక్కులా వంగి ఉంటాయి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే: 'ఇది చిలుకా ఏమిటి?' అని. రేకు వెలుపలంతా వెండి నూగు, ఎండకు మెరుస్తుంది. పొద్దున్నే పువ్వును వంచితే అడుగున తేనె చుక్క కనిపిస్తుంది. దాని కోసమే గోరింకలు, తేనెపిట్టలు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ముక్కు లోపలికి పెట్టినప్పుడు తలకు పుప్పొడి అంటుతుంది, అదే ఇంకో చెట్టుకు చేరుతుంది. ఇదంతా ఉదయం 7 నుంచి 9 మధ్యే. 11 దాటితే పిట్టలు నీడకు చేరతాయి, ఫోన్ కెమెరాలో నారింజరంగు రేకు రేకు తెలియకుండా ముద్దయిపోతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి, సూర్యుడు పువ్వు వెనక ఉండేలా నిలబడితే నూగు కూడా పడుతుంది.

రంగు తీయాలంటే రాలిన పూలే చాలు, కొమ్మ విరవాల్సిన పని లేదు. కిలో పూలకు నల్లటి తొడిమ గిన్నెలు తీసేయండి, అవి ఉంటే రంగు మట్టిలా మారుతుంది. రేకుల్ని నాలుగు లీటర్ల నీళ్లలో అరగంట సన్నటి సెగ మీద మరిగించి, రాత్రంతా వదిలేసి, పొద్దున గుడ్డలో వడగట్టాలి. పసుపు కలిసిన నారింజరంగు వస్తుంది. చిటికెడు సున్నం వేస్తే ఇంకా ముదురుతుంది. అయితే అది బట్టకే, ఒంటి మీద చల్లుకునే రంగులో సున్నం కలపొద్దు. వాడిపోతే త్వరగా బూజు పట్టే గుణం ఈ పూలది, సంచిలో కుక్కి ఊరికి తెచ్చుకుందామంటే కుదరదు. నీడన పలుచగా ఆరబెట్టి తెచ్చుకోవాలి.

ఇచ్చోడ దాటి ఉట్నూరు వైపు తిరిగాక చేలల్లో జొన్న కంకులు, గట్ల మీద ఇప్పలు. ఇప్ప పువ్వు రాత్రి విచ్చి, తెల్లవారేలోపు రాలుతుంది. బొటనవేలి కొసంత, పాలమీగడ రంగులో కండగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే తీపి. రాలేది రేకుల బుడ్డే. కొమ్మ మీద పిందె, దాని కొసన పొడవాటి దారం లాంటి కాడ మిగులుతాయి. ఆ పిందే కాయై, గింజ నుంచి ఇప్పనూనె వస్తుంది. కర్రతో కొమ్మ దులిపితే పువ్వుతోపాటు నూనె కూడా పోతుందన్నమాట. చెట్లకు ఇళ్లవారీగా హక్కు ఉంటుంది, గట్టు మీద ఒంటరిగా కనిపించినంత మాత్రాన ఏరుకోకూడదు. అడిగితే గోండు ఇళ్లలో కాదనరు. గంట సేపు వాళ్లతో కలిసి ఏరితే నడుము సంగతి తెలుస్తుంది.

చీకట్లో మాత్రం వెళ్లొద్దు. ఈ పువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం, తెల్లవారుజామున చెట్టు కిందే ఉంటుంది. వెలుగొచ్చాక, మాట్లాడుకుంటూ, గుంపుగా వెళ్లాలి. రెండో ప్రమాదం నిప్పు. పువ్వు స్పష్టంగా కనబడాలని చెట్టు కింది ఆకులు తగలబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది పక్కనున్న ఎండుటడవికి పాకుతుంది. చీపురుతో ఊడ్చినా, చెట్టు కింద వల పరిచినా పని జరుగుతుంది. వల మీదైతే పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా మెరుగ్గా పలుకుతుంది. చూసేవాళ్లం సిగరెట్టు, అగ్గిపుల్ల బండిలోనే వదిలేయాలి.

ఏరిన పువ్వు పొద్దెక్కేలోపే పరచాలి. కుప్పగా వదిలితే మధ్యాహ్నానికి వేడెక్కి పులుస్తుంది. ఒక్క పొరగా, మూడు నాలుగు రోజుల ఎండలో ఎర్రటి ఎండుద్రాక్షలా మారుతుంది. సంతలో కొనేటప్పుడు గుప్పెట్లో నొక్కి వదలండి. ముద్ద కట్టకుండా విడిపోతే సరిగ్గా ఎండినట్టు. వండే ముందు లోపలి కేసరాలు దులిపేయాలి, లేకపోతే గొంతులో గరగరలాడతాయి. దోరగా వేయించి, నువ్వులు, బెల్లంతో దంచి లడ్డు కడితే నాలుగు రోజుల ప్రయాణానికి చెడకుండా ఉంటుంది.