మట్టల ఆదివారానికి ఆమదాలవలస

మా బాప్టిస్టు సంఘాల్లో యాత్ర అన్న మాట పెద్దగా వినపడదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకి వెళ్లేది ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లు. మాకు కొండ లేదు, మొక్కు లేదు. అయినా ఈస్టరుకి ముందొచ్చే ఈ శ్రమకాలంలో విజయనగరం నుంచి ఆమదాలవలస వెళ్లిరావడాన్ని నేను యాత్ర అనే అంటాను. ఎక్కింది పలాస పాసింజరు, బస పిన్ని ఇంట్లో.

ఎందుకెళ్లావంటే చెప్పడం కష్టం. మా దగ్గర సాక్ష్యానికి, అంటే దేవుడు చేసిన మేలు సంఘంలో లేచి చెప్పడానికి, ఒక వరస ఉంది. ముందు జబ్బో, అప్పో, కోర్టు కేసో ఉండాలి. ఉపవాస ప్రార్థన పెట్టాలి. తర్వాత అది తీరిపోవాలి. నాకు అలాంటిదేమీ లేదు. పిల్లలు చదువుకుంటున్నారు, స్కూల్లో జీతం నెలనెలా పడుతోంది. ప్రార్థన మాత్రం ఎండిపోయింది. మోకరిస్తే రేపటి అటెండెన్సు, గ్యాసు బుకింగు గుర్తొచ్చేవి. ఆదివారం పాటల పుస్తకం తెరిచి పెదాలు కదిపేదాన్ని, అంతే. ఒకావిడకి చెప్పుకుంటే "దాచిన పాపం ఏదైనా ఉందేమో చూసుకో" అంది. ఇలాంటి సలహాలిచ్చేవాళ్లని కూర్చోబెట్టి బైబిల్లో 63వ కీర్తన చదివించాలనిపిస్తుంది. యూదా అరణ్యంలో దావీదు నీళ్లులేని ఎండు నేల గురించి మాట్లాడింది దేవుణ్ణి వదిలేసి కాదు, ఆయన్ని వెతుక్కుంటూనే.

నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు. దూసి దాటగానే నాగావళి. మార్చి నెలాఖరు కదా, వంతెన కింద అంతా ఇసకే, ఒక ఒడ్డున సన్నటి పాయ. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ దిగేది ఆమదాలవలసలో. కొత్తవాళ్లు శ్రీకాకుళం వచ్చేశామనుకుని దిగి ఆటోవాళ్లకి దొరికిపోతుంటారు.

"ఏటమ్మీ, ఇలాగ చిక్కిపోయావు?" అంటూ పిన్ని చోడంబలి (రాగి అంబలి) గ్లాసు చేతికిచ్చింది. సాయంత్రం బిందె పట్టుకుని ఏటికి బయల్దేరదీసింది. ఇంట్లో కుళాయి ఉంది. అయినా ఆ నీళ్లకి పప్పు ఉడకదట.

ఇసకలో ఒకచోట పాదంతో నొక్కి చూసి కూర్చుంది. కొబ్బరి చిప్పతో తవ్వడం మొదలెట్టింది. పైన కాలిపోతున్న ఇసక, జానెడు లోపల చల్లగా, ఇంకాస్త తవ్వితే తడిగా. మూరెడు లోతుకి నీళ్లు పడ్డాయి గానీ టీ రంగులో ఉన్నాయి. అవి తోడి పారబోసింది. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది. అంచులు కూలకుండా తడి ఇసక మెత్తి, చేతులు కడుక్కుని, వాళ్ల కోడలి సంగతులు మొదలెట్టింది. ఆ కబుర్లు అయ్యేసరికి చెలమలో నీరు తేటపడింది. అడుగున ఊట వచ్చే చోట ఇసక రేణువులు లేచి ఆడుతున్నాయి.

నాకు ఆదికాండం 26వ అధ్యాయం గుర్తొచ్చింది. గెరారు లోయలో ఇస్సాకు పనివాళ్లు తవ్వితే ఊట పడింది. ఇస్సాకు నాన్న అబ్రాహాము తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చేస్తే వాటినీ మళ్లీ తవ్వించుకున్నాడు. ఆ మాటే పిన్నితో అన్నాను.

"ప్రసంగం తర్వాత చెబుదువు గాని, ముందు ఆ బురద నీళ్లు పారబొయ్యి" అంది, చిప్ప నా చేతికిచ్చి. పక్కన ఇంకో చెలమ తవ్విందప్పటికే.

మర్నాడు మట్టల ఆదివారం, యేసు యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం మట్టలతో ఎదురెళ్లిన రోజు. పిల్లలు ఈత మట్టలు ఊపుతూ, హోసన్నా అంటూ బజారంతా తిరిగి మందిరానికి చేరారు. లోపల పురుషోత్తమ చౌదరి గారి పాత కీర్తన ఎత్తుకున్నారు. ఆయన ఈ చుట్టుపక్కల మనిషే. 1803లో పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890లో పోయేవరకూ వాక్యం చెబుతూ, పాటలు కడుతూ బతికారు. పాటల పుస్తకంలో ఇలాంటి కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కీబోర్డు పాటలంటే నాకు విసుగేం లేదు. కానీ అవి మొదటి లైను నుంచే ఉత్సాహం తెమ్మంటాయి. లేనివాళ్లు ఎక్కణ్ణించి తెస్తారు? ఈ పాతవి అలా అడగవు. హార్మోనియం వెనకబడుతూ, ముసలమ్మలు పాదం పాదానికీ ఊపిరి తీసుకుంటూ నిదానంగా లాక్కెళుతుంటే మనమూ వెళ్లిపోతాం. మూడో చరణంలో గమనించాను, నా గొంతు పైకే వినిపిస్తోంది. కన్నీళ్లూ అవీ రాలేదు. గ్యాసు బుకింగు మాత్రం గుర్తు రాలేదు.

ఆరాధన చివర అయ్యగారు సాక్ష్యాలు అడిగారు. పిన్ని మోచేత్తో పొడిచింది. లేచి, "విజయనగరం నుంచి వచ్చానండి. చాలా కాలానికి ఇవాళ పాట పాడాను. ప్రభువుకి స్తోత్రం" అని కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు.

పిన్ని నా చెవి దగ్గరికి వంగింది. "సాక్ష్యమంటే కాస్త పొడుగ్గా చెప్పాలమ్మీ. అయ్యగారు ఇంకా నీకేసే చూస్తన్నారు."